పాత డిస్కులు, కొత్త పెట్టె: ఇంట్లో నాస్ మార్చేటప్పుడు ఏం చేయాలి, ఏ బటన్ నొక్కకూడదు

ఇంట్లో నాస్ (ఇంట్లో అందరూ నెట్‌వర్క్ మీద వాడుకునే డిస్కుల పెట్టె) పెట్టి ఆరేడేళ్లయింది. పెళ్లి వీడియోలు, పిల్లల ఫోటోలు, నాన్నగారు స్కాన్ చేయించిన పొలం కాగితాలు, పాత ల్యాప్‌టాప్‌ల బ్యాకప్‌లు అన్నీ అందులోనే. రెండు బేల (డిస్కులు పెట్టే అరల) పెట్టె నిండిపోయి నాలుగు బేలది కొన్నారు. ఇప్పుడు టేబుల్ మీద రెండూ పక్కపక్కన కూర్చున్నాయి. పాతదాంట్లోంచి డిస్కులు తీసి కొత్తదాంట్లో పెడితే సరిపోతుందా, లేక మొత్తం మళ్లీ కాపీ కొట్టాలా?

ఒకే కంపెనీ పెట్టెలైతే చాలావరకు పెడితే సరిపోతుంది. మా ఇంట్లో సినాలజీ కంపెనీ డీఎస్218 ప్లస్ నుంచి డీఎస్923 ప్లస్‌కి అలాగే మారాను. స్క్రూడ్రైవర్ కూడా తీయలేదు. డిస్కులు మార్చడానికి పట్టింది పది నిమిషాలు. అంతకు ముందు బ్యాకప్‌కీ, పరీక్షలకీ, లిస్టు రాసుకోవడానికీ పట్టింది రెండు రాత్రులు. ఆ రెండు రాత్రులూ ఎగ్గొట్టి నేరుగా పది నిమిషాల పనికి దిగినవాళ్ల ఫోన్లే నాకు ఎక్కువగా వస్తుంటాయి. అందుకే ఇక్కడ కూడా ఎక్కువ భాగం డిస్కు బయటికి లాగక ముందు చేయాల్సిన పనుల గురించే రాస్తున్నాను. ఉదాహరణలన్నీ సినాలజీవే, నేను వాడేది అదే కాబట్టి.

డిస్కులు మారిస్తే అన్నీ ఎలా వస్తాయి?

సినాలజీ ఆపరేటింగ్ సిస్టమ్ డీఎస్ఎం పెట్టెలో కాదు, డిస్కుల మీదే ఉంటుంది. ప్రతి డిస్కు మొదట్లో కొన్ని జీబీల జాగా తీసుకుని డీఎస్ఎం అక్కడ కూర్చుంటుంది. నాలుగు డిస్కులుంటే నాలుగింటిలోనూ అదే నకలు. దాని పక్కన స్వాప్‌కి (మెమరీ చాలనప్పుడు వాడుకునే జాగా) కొంచెం, మిగతాదంతా మీ డేటాకి. లోపల నడిచేది మామూలు లినక్స్ రెయిడే (కొన్ని డిస్కుల్ని ఒక గుంపుగా నడిపే పద్ధతి). ఏ డిస్కు ఏ గుంపుది, అందులో ఎన్నోది అన్న వివరం ఆ డిస్కు మీదే రాసి ఉంటుంది. అందుకే కొత్త పెట్టె ఆన్ అవగానే డిస్కులు చదివి, ఇవి ఫలానా మోడల్ నుంచి వచ్చాయని గుర్తుపడుతుంది. యూజర్లు, పాస్‌వర్డ్‌లు, షేర్డ్ ఫోల్డర్లు, పర్మిషన్లు డిస్కులతో పాటే వస్తాయి.

దీంట్లోనే ఒక ఇబ్బంది కూడా ఉంది. పాతదాంట్లో ఉన్న పరిమితులూ వెంట వస్తాయి. పాత వాల్యూమ్ (మీ డేటా ఉండే భాగం) ఈఎక్స్‌టీ4 అనే ఫైల్ సిస్టమ్‌లో ఉంటే కొత్త పెట్టెలోనూ ఈఎక్స్‌టీ4గానే ఉంటుంది. డేటా అలాగే ఉంచి బీటీఆర్‌ఎఫ్‌ఎస్‌గా మార్చే దారి లేదు. బీటీఆర్‌ఎఫ్‌ఎస్‌లోనే వచ్చే స్నాప్‌షాట్లు (డేటా ఒక క్షణంలో ఉన్న స్థితిని దాచి, కావాలంటే వెనక్కి తేవడం) కావాలనే కొత్తది కొన్నవాళ్లు ఇక్కడే నిరాశపడతారు. ఇంకోటి, డీఎస్216జె లాంటి 32 బిట్ పెట్టెలో తయారైన వాల్యూమ్‌ను ఎంత పెద్ద పెట్టెలోకి మార్చినా 16 టీబీ దాటి పెంచలేరు. ఈ రెండింట్లో ఏదైనా మీకు వర్తిస్తే డిస్కులు మార్చకండి. కొత్త డిస్కులతో కొత్త పెట్టెను మొదటి నుంచి పెట్టుకుని, డేటా నెట్‌వర్క్ మీద కాపీ చేసుకోండి. గిగాబిట్ లైన్ మీద సెకనుకి 110 ఎంబీ దాకా వస్తుంది, అంటే 4 టీబీకి పది గంటల పైమాట. లక్షల కొద్దీ చిన్న ఫోటోలుంటే ఇంకా ఎక్కువ. మధ్యలో ఎక్కడైనా పాత 100 ఎంబీపీఎస్ స్విచ్ ఉంటే నాలుగు రోజులు పడుతుంది, ముందే చూసుకోండి.

ఎవరు అసలు మార్చకూడదు

కంపెనీ మారుతుంటే ఈ పద్ధతి పనికిరాదు. సినాలజీ డిస్కులు క్యూన్యాప్ అనే ఇంకో కంపెనీ పెట్టెలో పెట్టినా, అటు నుంచి ఇటు పెట్టినా, కొత్త పెట్టె వాటిని ఫార్మాట్ చేస్తానంటుంది. క్యూన్యాప్‌లో కూడా వాళ్ల రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌ల మధ్య, అంటే క్యూటీఎస్ నుంచి క్యూయూటీఎస్ హీరోకి, ఇలా మారలేరు. మొదటిది ఈఎక్స్‌టీ4, రెండోది జెడ్‌ఎఫ్‌ఎస్.

కంప్యూటర్‌లోంచి తీసిన డిస్కు కథ వేరు. విజయవాడ నుంచి మా బావమరిది ఒకరోజు రాత్రి ఫోన్ చేశాడు. "బావా, పాత పీసీ డిస్కు నాస్‌లో పెట్టాను. డేటా అంతా పోతుంది, ఓకేనా అని అడుగుతోంది. నొక్కనా?"

"నొక్కకురా బాబూ! ముందు నాస్ ఆపి, ఆ డిస్కు తీసి పక్కన పెట్టు."

వాడి అదృష్టం, అడిగాడు. కంప్యూటర్‌లో ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో (విండోస్ వాడే ఫైల్ సిస్టమ్) ఉన్న డిస్కును నాస్ బేలో పెడితే అందులోని ఫైళ్లు కనిపించవు; దాన్ని నాస్ వాడుకోవాలంటే తుడిచేయాల్సిందే. అలాంటి డిస్కును యూఎస్‌బీ కేసులో పెట్టి, నాస్ వెనక యూఎస్‌బీ పోర్టుకి తగిలించి, ఫైల్ స్టేషన్‌లో కాపీ చేసుకోవాలి. ఎక్స్‌టర్నల్ డిస్కుగా అయితే ఎన్‌టీఎఫ్‌ఎస్‌ను డీఎస్ఎం చక్కగా చదువుతుంది. బావమరిది డిస్కులో ఉన్నవి వాళ్ల పాప బారసాల ఫోటోలు. ఇంకెక్కడా లేవు.

మొదటి రాత్రి: బ్యాకప్, ఆరోగ్య పరీక్ష

రెండు డిస్కుల్లో ఒకే డేటా ఉంది కదా, బ్యాకప్ ఎందుకు అంటారు కొందరు. ఒక డిస్కు చెడిపోతే రెయిడ్ కాపాడుతుంది. మీరు తప్పు బటన్ నొక్కితే రెండు డిస్కులనూ ఒకేసారి తుడిచిపెడుతుంది, అదీ చాలా విధేయంగా.

కాబట్టి పెద్ద యూఎస్‌బీ డిస్కు ఒకటి తెచ్చుకోండి. కొనలేకపోతే వారం రోజులకి ఎవరినైనా అడగండి. డీఎస్ఎంలోని హైపర్ బ్యాకప్ యాప్‌లో యూఎస్‌బీకి రెండు రకాలు కనిపిస్తాయి: పాత వెర్షన్లన్నీ దాచేది, ఒకే వెర్షన్ ఉంచేది. ఈ పనికి రెండోదే మేలు. ఫైళ్లు మామూలు ఫోల్డర్లలాగే కాపీ అవుతాయి, నాస్ లేకపోయినా ల్యాప్‌టాప్‌కి తగిలించి తెరుచుకోవచ్చు. మొదటి రకమైతే తెరవడానికి హైపర్ బ్యాకప్ ఎక్స్‌ప్లోరర్ అనే సాఫ్ట్‌వేర్ కావాలి.

బ్యాకప్ అయిపోయిందని పచ్చ టిక్కు వచ్చినంత మాత్రాన నమ్మకండి. ఆ యూఎస్‌బీని ల్యాప్‌టాప్‌కి పెట్టి ఒక పెళ్లి వీడియో మధ్యలోకి జరిపి చూడండి. ఓ పది ఫోటోలు తెరవండి. ఒక పీడీఎఫ్ తెరవండి. ఐదు నిమిషాల పని.

అదే రాత్రి స్టోరేజ్ మేనేజర్‌లో ప్రతి డిస్కుకీ ఎక్స్‌టెండెడ్ స్మార్ట్ టెస్ట్ (డిస్కు తనను తాను మొత్తం పరీక్షించుకోవడం) పెట్టి పడుకోండి. 4 టీబీ డిస్కుకి రాత్రంతా పడుతుంది. పొద్దున లేచాక హెల్త్ ఇన్ఫోలో బ్యాడ్ సెక్టార్ల సంఖ్య చూడండి. సున్నా ఉంటే మంచిది. ఏళ్లుగా మూడో నాలుగో ఉండి పెరగకపోతే నేనైతే ఆగను. పోయిన నెల రెండుండి ఇప్పుడు నలభై ఉంటే ఆ డిస్కుకి రోజులు దగ్గరపడ్డట్టే. పాత పెట్టెలో ఉండగానే దాన్ని మార్చి, రిపేర్ పూర్తయి, స్టోరేజ్ పూల్ (డిస్కుల గుంపు) హెల్తీ అని చూపించాకే ముందుకెళ్లండి. పూల్ డీగ్రేడెడ్ స్థితిలో (ఒక డిస్కు పోయి రక్షణ తగ్గినప్పుడు) ఉండగా పెట్టె మార్చడం జ్వరంతో ఉన్న మనిషిని రాత్రి బస్సు ఎక్కించినట్టు ఉంటుంది.

రెండో రాత్రి: వెర్షన్లు, తాళాలు, లిస్టు

పాత పెట్టెలో డీఎస్ఎంను ఆ మోడల్‌కి వచ్చిన చివరి వెర్షన్ దాకా అప్‌డేట్ చేయండి. ఇంకా 6.2లో ఉన్నవాళ్లు పాత పెట్టెలోనే 7కి వచ్చి, ఒక వారం వాడి చూసి, అప్పుడు పెట్టె మార్చుకోండి. ఫోటో స్టేషన్, మూమెంట్స్ రెండూ పోయి సినాలజీ ఫోటోస్ వచ్చింది 7తోనే. ఆ మార్పూ పెట్టె మార్పూ ఒకే రోజు పెట్టుకుంటే తప్పు ఎక్కడ జరిగిందో తేల్చుకోలేరు. 7.2.2లో వీడియో స్టేషన్‌ను కూడా తీసేశారు. ఇంట్లో పెద్దవాళ్లు దాంట్లోనే సినిమాలు చూస్తుంటే ముందే ఇంకో యాప్ అలవాటు చేయండి.

ఎన్‌క్రిప్ట్ చేసిన షేర్డ్ ఫోల్డర్లుంటే వాటి కీ ఫైల్ ఎక్స్‌పోర్ట్ చేసి నాస్ బయట దాచండి. వాల్యూమ్ మొత్తం ఎన్‌క్రిప్ట్ చేసుకుంటే రికవరీ కీ కావాలి. పాత పెట్టె ఆన్ కాగానే ఇవి వాటంతటవే తెరుచుకుంటున్నాయి కాబట్టి తాళం ఉందన్న సంగతే చాలామంది మర్చిపోతారు. కొత్త పెట్టె మాత్రం తాళం అడుగుతుంది. ఆ కీ లేదంటే సినాలజీవాళ్లు కూడా ఏమీ చేయలేరు. ఈ పేరా చదువుతున్నప్పుడు 'నా కీ ఎక్కడ పెట్టానబ్బా' అనిపిస్తే, ఇక్కడే ఆపి వెళ్లి వెతకండి.

కంట్రోల్ ప్యానెల్‌లో అప్‌డేట్ అండ్ రిస్టోర్ కింద కాన్ఫిగరేషన్ బ్యాకప్ ఉంటుంది. ఆ ఫైల్ ఒకటి ల్యాప్‌టాప్‌లోకి తీసుకోండి. ఎస్ఎస్‌డీ క్యాష్ (వేగం కోసం డేటాను తాత్కాలికంగా ఉంచుకునే ఎస్ఎస్‌డీ) వాడుతుంటే దాన్ని తీసేయండి. రాత క్యాష్ ఉండగానే డిస్కులు లాగితే, ఇంకా డిస్కుకి చేరని డేటా దారిలోనే పోతుంది. అడ్మిన్ లాగిన్‌కి ఫోన్‌లో ఓటీపీ పెట్టుకుని ఉంటే ఈ ఒక్క రోజుకి ఆపేయడం మంచిది. కొత్త పెట్టె గడియారం కొంచెం అటూ ఇటూ ఉన్నా కోడ్ ఒప్పుకోదు, ఊరికే టెన్షన్. కెమెరాలకి సర్వైలెన్స్ స్టేషన్ లైసెన్సులు కొని ఉంటే వాటిని పాత పెట్టెలోంచి తీసి కొత్తదానికి ఎక్కించుకోవాలి.

తర్వాత ఒక తెల్లకాగితం తీసుకోండి. పాత ఐపీ అడ్రస్, ఏ ప్యాకేజీలు నడుస్తున్నాయి, రౌటర్‌లో ఏ పోర్టులు తెరిచారు, టీవీ ఏ అడ్రస్‌తో కలుస్తోంది, ఎవరి ఫోన్ ఫోటోలు ఏ ఫోల్డర్‌లోకి వస్తున్నాయి అన్నీ రాయండి. ఫోన్‌లో టైప్ చేసుకుంటే ఆ ఫోన్ నోట్సే నాస్‌లోకి సింక్ అవుతుంటే? కాగితమే నయం.

మార్చే రోజు

శనివారం పొద్దున పెట్టుకోండి. ఆదివారం రాత్రి వద్దు. రెండు పెట్టెలూ యూపీఎస్ మీద ఉండాలి. ఇంట్లో ఇన్వర్టర్ ఉంది కదా అనుకోకండి; మామూలు మోడ్‌లో ఉన్న ఇన్వర్టర్ కరెంటు పోయినప్పుడు మారడానికి తీసుకునే ఆ రెప్పపాటులో ఫ్యాన్ ఆగదు గానీ నాస్ రీస్టార్ట్ అవుతుంది.

1. పాత పెట్టెను డీఎస్ఎం మెనూలోంచే షట్‌డౌన్ చేయండి. లైట్లన్నీ ఆరాక ఇంకో నిమిషం ఆగండి, డిస్కులు తిరగడం పూర్తిగా ఆగాలి. అప్పుడు అడాప్టర్ పీకండి.

2. ట్రే లాగక ముందు ఫోటో తీయండి. నేను గాయాలకి వేసే తెల్ల టేపు చిన్న ముక్కలు చింపి, ప్రతి డిస్కు పక్కన అంటించి 1, 2 అని మార్కర్‌తో రాశాను. ముందు పెన్సిల్‌తో డిస్కు లేబుల్ మీదే రాయబోయాను, ఆ నిగనిగలాడే కాగితం మీద పడలేదు. వరస తప్పినా డీఎస్ఎం సాధారణంగా గుర్తుపడుతుంది, కానీ రేపు 'రెండో డిస్కులో సమస్య' అని మెసేజ్ వస్తే ఏది రెండోదో మీకు తెలియాలి కదా.

3. ఏదైనా ఇనుప వస్తువు ముట్టుకుని ఒంట్లో స్టాటిక్ వదిలించుకోండి. డిస్కుల్ని పాత ట్రేల్లోంచి తీసి కొత్త పెట్టె ట్రేల్లో బిగించండి. పాత ట్రే దూరేలా కనిపించినా బలవంతంగా తోయకండి. పక్క పట్టీలు టిక్కుమని పడాలి. ట్రే లోపలికి వెళ్లేటప్పుడు చివరి అర అంగుళంలో కొంచెం గట్టిగా తగులుతుంది, అది కనెక్టర్. బొటనవేలితో నెమ్మదిగా నొక్కితే కూర్చుంటుంది.

4. కొత్త పెట్టెలో ఈ పాత డిస్కులు తప్ప ఇంకేమీ ఉండకూడదు. కొత్తగా కొన్న డిస్కులు, ఎం.2 ఎస్ఎస్‌డీలు అన్నీ అట్టపెట్టెల్లోనే ఉండనివ్వండి. 1, 2 బేల్లో పాతవి, 3, 4 ఖాళీ.

5. లాన్ కేబుల్ పెట్టి ఆన్ చేయండి. ఐదారు నిమిషాల తర్వాత అదే నెట్‌వర్క్‌లో ఉన్న ల్యాప్‌టాప్ బ్రౌజర్‌లో ఫైండ్ డాట్ సినాలజీ డాట్ కామ్ తెరవండి. ముందరి స్టేటస్ లైట్ నారింజ రంగులో మిణుకుమిణుకుమంటుంటే కంగారుపడకండి, ఇంకా పని మొదలవలేదని అర్థం.

6. ఇప్పుడు స్క్రీన్ మీద ఏముందో నెమ్మదిగా చదవండి.

ఆ ఒక్క స్క్రీన్

అంతా సవ్యంగా ఉంటే, ఈ డిస్కులు వేరే సినాలజీ నుంచి వచ్చాయని చెప్పి, పాత మోడల్ పేరు చూపించి, మైగ్రేట్ అనే బటన్ ఇస్తుంది. మోడల్ పేరు సరిగ్గా కనిపించిందంటే సగం ఊపిరి పీల్చుకోవచ్చు. తర్వాత డేటాతో పాటు సెట్టింగులు కూడా ఉంచాలా, డేటా మాత్రమే ఉంచి మిగతాది కొత్తగా మొదలుపెట్టాలా అని అడుగుతుంది. పాత పెట్టె బాగా నడుస్తుంటే మొదటిదే తీసుకోండి. ఏళ్ల తరబడి ఏవేవో ప్రయోగాలు చేసి చిందరవందర చేసుకున్నవాళ్లకి రెండోది. యూజర్లను మళ్లీ పెట్టుకోవడానికి నిన్న తీసిన కాన్ఫిగరేషన్ ఫైల్ పనికొస్తుంది.

మైగ్రేట్ అనే మాట ఎక్కడా లేకుండా, నేరుగా ఇన్‌స్టాల్ అనీ, డిస్కుల్లో ఉన్నదంతా తుడిచేస్తామనీ కనిపిస్తే ఆగిపోండి. కొత్త పెట్టె మీ డిస్కుల్ని గుర్తుపట్టలేదు. పవర్ బటన్ నొక్కిపట్టి ఆపండి, అడాప్టర్ తీయండి, ట్రేలు మళ్లీ బిగించండి. రెండోసారీ అలాగే వస్తే డిస్కుల్ని పాత పెట్టెలో పెట్టి ఆన్ చేయండి. అక్కడ మామూలుగా నడుస్తుంటే డేటాకి ఏమీ కానట్టే. కారణం తీరిగ్గా వెతకొచ్చు.

మైగ్రేట్ నొక్కాక డీఎస్ఎం దిగి, ఇన్‌స్టాల్ అయి, రీస్టార్ట్ అయ్యేదాకా పావుగంట. ఆ పావుగంట దాన్ని ముట్టుకోకండి, కాఫీ పెట్టుకోండి. తర్వాత పాత యూజర్, పాత పాస్‌వర్డ్‌తోనే లాగిన్ అవుతారు.

కొందరు ఆత్రంగా కొత్త పెట్టెలో కొత్త డిస్కుతో డీఎస్ఎం పెట్టేసి, వాడటం కూడా మొదలుపెట్టి, ఆ తర్వాత పాత డిస్కులు తెస్తారు. అప్పుడు మైగ్రేట్ రాదు. డీఎస్ఎం 7లో అయితే స్టోరేజ్ మేనేజర్‌లో అవి అందుబాటులో ఉన్న పూల్‌గా కనిపిస్తాయి, ఆన్‌లైన్ అసెంబుల్ నొక్కితే డేటా తెరుచుకుంటుంది. యూజర్లు, సెట్టింగులు మాత్రం రావు.

లాగిన్ అయ్యాక

ముందు స్టోరేజ్ మేనేజర్. పూల్ హెల్తీ, వాల్యూమ్ హెల్తీ అని ఉండాలి. తర్వాత ప్యాకేజ్ సెంటర్‌కి వెళ్తే కొన్నింటికి రిపేర్, కొన్నింటికి అప్‌డేట్ అని ఉంటుంది. ఒక్కొక్కటీ నొక్కుకుంటూ పోండి. పాత పెట్టె ఏఆర్ఎం ప్రాసెసర్‌ది, కొత్తది ఇంటెల్ లేదా ఏఎండీ అయితే కొన్ని ప్యాకేజీల్ని తీసి మళ్లీ వేయాల్సి వస్తుంది. డాకర్ (యాప్‌ల్ని విడివిడిగా నడిపే సాఫ్ట్‌వేర్) కంటెయినర్ల ఇమేజ్‌లు కూడా కొత్త ప్రాసెసర్‌కి సరిపోయేవి మళ్లీ దింపుకోవాలి.

నేను బోల్తా కొట్టింది ఐపీ దగ్గర. పాత నాస్‌కి రౌటర్‌లో ఒక అడ్రస్ రిజర్వ్ చేసి పెట్టాను. ఆ రిజర్వేషన్ పాత పెట్టె మ్యాక్ అడ్రస్ (ప్రతి పెట్టెకీ ఉండే నెట్‌వర్క్ గుర్తింపు సంఖ్య) పేరు మీద ఉంది. కొత్త పెట్టెకి మ్యాక్ వేరు, కాబట్టి ఐపీ వేరేది వచ్చింది. నేను ల్యాప్‌టాప్‌లో అన్నీ బాగున్నాయని సంబరపడుతుంటే హాల్లోంచి అమ్మ, "ఏరా, టీవీలో పాటలు రావట్లేదు, నువ్వేదో పీకావా?" రౌటర్‌లో పాత ఎంట్రీ తీసేసి, అదే ఐపీని కొత్త మ్యాక్‌కి రాసి, నాస్ రీస్టార్ట్ చేస్తే టీవీ, ప్రింటర్ స్కాన్ ఫోల్డర్, ఫోన్లు అన్నీ ఏమీ జరగనట్టే పాత దారిలో కలిశాయి. బయటి నుంచి నాస్‌లోకి రావడానికి క్విక్‌కనెక్ట్ వాడేవాళ్లు సినాలజీ అకౌంట్‌తో ఓసారి లాగిన్ అయి చూసుకోండి.

సినిమాలకి ప్లెక్స్ లాంటివి వాడేవాళ్లకి ఇంకో మాట. డీఎస్218 ప్లస్‌లో ఉన్న ఇంటెల్ చిప్‌లో గ్రాఫిక్స్ భాగం ఉంది, వీడియోను అప్పటికప్పుడు మార్చి పంపడంలో అది సాయం చేసేది. డీఎస్923 ప్లస్‌లో ఉన్న ఏఎండీ రైజెన్ ఆర్1600లో ఆ భాగమే లేదు. ఎక్కువ ధర పెట్టి కొన్న పెట్టెలో పాతదాంట్లో ఆడిన 4కే వీడియో తడబడితే లోపం మీ మైగ్రేషన్‌ది కాదు. కొనేముందే చూసుకోవాల్సిన విషయం ఇది. నేను చూసుకున్నాను, మా టీవీ ఫైల్‌ను నేరుగా ఆడిస్తుంది కాబట్టి పట్టించుకోలేదు.

2025లో వచ్చిన ప్లస్ మోడళ్లు కొన్నవాళ్లు డిస్కుల గొడవ గురించి వినే ఉంటారు. వేరే కంపెనీల కొత్త డిస్కుల మీద సినాలజీ మొదట ఆంక్షలు పెట్టింది, అదే ఏడాది అక్టోబర్‌లో డీఎస్ఎం 7.3తో చాలావరకు సడలించింది. పాత సినాలజీ నుంచి తెచ్చే డిస్కులకి ఆ ఆంక్షలున్నప్పుడు కూడా దారి ఉండేది.

మూడో డిస్కు ఎప్పుడు చేర్చాలి

ఖాళీ బేలు రెండు కనిపిస్తుంటే చెయ్యి ఊరుకోదు. కనీసం రెండు వారాలు ఊరుకోండి. ఇప్పుడున్న స్థితిలో కొత్త పెట్టె మొరాయించినా రెండు డిస్కులూ తీసి పాత పెట్టెలోకి అదే మైగ్రేట్ పద్ధతిలో వెనక్కి రావొచ్చు, పాత మోడల్‌కి ఆ డీఎస్ఎం వెర్షన్ ఉన్నంతవరకు. మూడో డిస్కును పూల్‌లో చేర్చారంటే డేటా మూడింటి మీదా పరుచుకుంటుంది. రెండు బేల పాత పెట్టెకి దారి అక్కడితో మూసుకుపోతుంది. కొత్త పెట్టెకి రిటర్న్ గడువు ఉంటే అది కూడా లెక్కలో పెట్టుకోండి.

చేర్చేటప్పుడు డిస్కు సైజు చూడండి. ఎస్‌హెచ్‌ఆర్‌లో (వేర్వేరు సైజుల డిస్కుల్ని కలిపి నడిపే సినాలజీ రెయిడ్ పద్ధతి) కొత్త డిస్కు, ఉన్నవాటిలో పెద్దదానికంటే పెద్దదైనా కావాలి, లేదా ఉన్నవాటిలో ఏదో ఒకదానికి సమానమైనా కావాలి. 4 టీబీవి రెండుంటే మీకు దక్కేది 4. ఇంకో 4 టీబీ చేరిస్తే 8, నాలుగోది కూడా చేరిస్తే 12. స్క్రీన్ మీద అంకె దీనికంటే తక్కువ కనిపిస్తుంది, అది లెక్కించే పద్ధతిలో తేడా, జాగా ఎక్కడికీ పోలేదు. విస్తరణకి ఒక రోజు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ పడుతుంది. ఆ మధ్యలో నాస్ వాడుకోవచ్చు, నెమ్మదిగా ఉంటుంది. యూపీఎస్ యూఎస్‌బీ కేబుల్‌ను నాస్‌కి తగిలించి, కంట్రోల్ ప్యానెల్‌లో యూపీఎస్ సపోర్ట్ ఆన్ చేసి ఉంచండి. కరెంటు ఎక్కువసేపు పోతే తనంతట తానే జాగ్రత్తగా ఆగుతుంది.

నా పాత డీఎస్218 ప్లస్ నెల రోజులు అట్టపెట్టెలో ఉంది. తర్వాత దాంట్లో 4 టీబీ డిస్కు ఒకటి పెట్టి, మా ఇంట్లోనే మొదటి బ్యాకప్ పూర్తి చేసి, గుంటూరులో అమ్మమ్మగారింటికి పట్టుకెళ్లాను. అక్కడి రౌటర్ పక్కన, టీవీ స్టాండ్ కింద అరలో కూర్చుని రోజూ రాత్రి రెండింటికి హైదరాబాద్ నుంచి వచ్చే కొత్త ఫైళ్లు దాచుకుంటోంది. దాని మీద దుమ్ము పడుతుందని అమ్మమ్మ గుడ్డ కప్పింది. గాలి ఆడాలి అమ్మమ్మా అని వెళ్లినప్పుడల్లా తీస్తున్నాను.